కొలువు – ఆరోగ్యము
(ఖానాపురం హవేలి వార్షిక మహాసభయందు గావించిన ప్రసంగము)



మన తాతలు సేద్యమును నమ్ముకొని బ్రదికిరి. నేడు మన బిడ్డలు బొగ్గుగనులలోను, బస్సు డిపోలలోను, గ్రానైటు కర్మాగారములలోను, దుకాణములలోను కొలువు సేయుచున్నారు. సంబంధము కుదుర్చునపుడు వరుని జీతమెంతయని యడుగుదుము గాని, కంటినిండ నిద్రించుచున్నాడా యని యడుగము.

1889లో ఇల్లెందున బొగ్గు త్రవ్వకము మొదలైన నాటినుండి గని కొలువు మన సీమకు క్రొత్త కాదు. గనిలో పైకప్పు కూలినచో నందఱకును దెలియును. రాత్రి షిఫ్టు చేసివచ్చి, పిల్లల సందడి నడుమ నిద్రపట్టక పొరలువాని బాధ యింటి యిల్లాలికి దప్ప నెవ్వరికిని దెలియదు. దేహ మలవాటు పడులోపలనే షిఫ్టు మాఱును. ఆకలి చెడును, రక్తపుపోటు హెచ్చవచ్చును, చీటికిమాటికి కోపము వచ్చును. దానిని మనము వాని స్వభావ మందుము.

పెద్ద యుద్యోగులకే గుండెజబ్బు వచ్చునని మనలో నొక నమ్మకము గలదు. 1967లో లండను నగరమున ప్రభుత్వోద్యోగులను వేలకొలది పరీక్షింప మొదలిడిరి. అందు గుండెజబ్బు మరణములు పై యధికారులలో కంటె క్రింది బంట్రోతులలో మూడు రెట్లకు మించెను. పొగత్రాగుట మొదలగువానిని లెక్కించి తీసివేసినను భేదము చాలవఱకు మిగిలెను. 1985లో నారంభమైన రెండవ పరిశోధనమున మైకేల్ మార్మట్ పండితుడును, ఆయన తోడివారును గుర్తించిన ముఖ్యకారణములలో నొకటి, తన పనిపై దనకు పెత్తనము లేకుండుట.

వారమునకు 55 గంటలు, అంతకు మించి పనిచేయువారికి పక్షవాతపు ప్రమాదము, 35–40 గంటలవారి కంటె నూటికి 35 వంతులు హెచ్చని ప్రపంచారోగ్యసంస్థయు, అంతర్జాతీయ కార్మికసంస్థయు 2021లో ప్రకటించినవి. మా బంధువులలో నొక లారీ డ్రైవరు నలువదియేండ్లకే పక్షవాతమున మంచము పట్టెను. దినమున కెన్ని గంటలు నడిపెడివాడో మేమొక్కనాడును అడిగినవారము కాము.

మేము సోమరితనమును సమర్థించుట లేదు. నాగలిపట్టిన పెద్దలకు శ్రమ తక్కువయా? అయితే ఏ చెలక ముందు దున్నవలెనో వారే నిర్ణయించుకొనెడివారు. (పాలేళ్లకు ఆ భాగ్యమును లేకుండెను, అది వేఱొక కథ.)

ఈ సభలో యజమానులగు పోషకులు పెక్కుండ్రున్నారు. వారికి మా మనవి: రేపటి డ్యూటీని నేటి రాత్రి ఫోనులో దెలుపుట మానుడు, వారము ముందుగనే పట్టిక వ్రేలగట్టుడు. పదుగురి యెదుట తిట్టకుడు. సెలవడిగినవానిని దొంగనుగా జూడకుడు. జీతము చెప్పిన తేదీకే యిండు.

మన సంఘము వైద్యశిబిరము పెట్టునపుడు బి.పి., షుగరులతోబాటు నిద్రను గూర్చియు, పనిగంటలను గూర్చియు నడుగవలెనని యొక తీర్మానమును వ్రాసి తెచ్చితిమి. దానిని కార్యవర్గమునకు సమర్పించుచున్నాము. ఈ సాయంకాలమే చర్చకు దీసికొన బ్రార్థన.