ప్లాన్ ఖరారు కాకముందే కౌన్సిల్ సలహా

ఇంగ్లండులో పది లేదా అంతకు మించి ఇళ్లు కట్టాలన్నా, వెయ్యి చదరపు మీటర్ల భవనం లేపాలన్నా అది భారీ నిర్మాణం కిందికే వస్తుంది. అలాంటి దరఖాస్తును స్థానిక కౌన్సిల్ మామూలుగా 13 వారాల్లో తేల్చాలి. దరఖాస్తు పెట్టకముందే, రుసుము కట్టి ప్రణాళికాధికారుల సలహా తీసుకోవచ్చు. చాలాచోట్ల ఆర్కిటెక్టులతో కూడిన డిజైన్ సమీక్షా బృందం కూడా ప్లాన్ చూస్తుంది. భవనం ఎత్తు పక్కిళ్ల వెలుతురుకు అడ్డమవుతుందా, పిల్లలు బడికి నడిచే దారి ఎటు, ఉన్న చెట్లు నిలుస్తాయా? ప్లాన్ పెన్సిల్ గీతలుగా ఉన్నప్పుడు ఇవన్నీ మార్చుకోవడం తేలిక. ఇంజనీర్ల లెక్కలు పూర్తయ్యాక ప్రతి మార్పుకూ డబ్బు, కాలం రెండూ పోతాయి. ఈ సలహా అనుమతికి హామీ కాదు, నిజమే. అయినా ఆ రుసుము దండగ కాదని గట్టిగా చెప్పగలను. ఇంగ్లండు నిర్మాణ రంగంలో ఉన్న తెలుగువారూ, ప్లాన్ ఖరారు చేయకముందే కౌన్సిల్‌ను సంప్రదించండి.