22 పాసైతే 23వది కూడా పాసైనట్టేనా?

దీపావళికి టపాకాయల పెట్టె కొన్నారు. పేలతాయో, తుస్సుమంటాయో ఎలా తెలుస్తుంది? కాల్చి చూడాలి. కానీ కాల్చింది ఇక పండక్కి పనికిరాదు. అంతరిక్షంలోకి వెళ్లే చిప్స్‌దీ ఇదే బాధ.

ల్యాబ్‌లో కోబాల్ట్-60 గామా కిరణాలు పార్ట్ మీద పడనిస్తారు. ట్రాన్సిస్టర్‌లోని పల్చటి ఆక్సైడ్ పొరలో చార్జ్ ఇరుక్కుపోతుంది. డోస్ పెరిగేకొద్దీ, ఆఫ్ అవ్వాల్సిన స్విచ్ సరిగ్గా ఆఫ్ అవ్వదు. ఆ దెబ్బతిన్న పార్ట్‌ని రాకెట్ ఎక్కించరు. అంటే టెస్ట్ చేసింది ఎగరదు, ఎగిరేది టెస్ట్ అవ్వదు.

మరి నమ్మకం ఎక్కడిది? లెక్కల్లోంచి. ఫోన్‌లో కాలిక్యులేటర్ తీయండి. ఒక లాట్‌లో 10% పార్ట్స్ చెడ్డవి అనుకుందాం. ఒకటి తీస్తే మంచిది వచ్చే చాన్స్ 0.9. 22 తీస్తే? 0.9 ని 22 సార్లు గుణించండి. సుమారు 0.098. అంటే అలాంటి లాట్ మన కళ్లుగప్పి పాసయ్యే చాన్స్ 10% లోపే. అందుకే 22 టెస్ట్ చేసి ఒక్కటీ ఫెయిల్ కాకపోతే, "90% నమ్మకంతో, కనీసం 90% మంచివి" అంటారు. గమనించారా? "అన్నీ మంచివే" అనలేదు! అదే 5 మాత్రమే టెస్ట్ చేస్తే 0.59. ఆ చెడ్డ లాట్ సగం కంటే ఎక్కువసార్లు దాటేస్తుంది.

అందుకే పాస్, ఫెయిల్ ఒక్కటే చూడరు. పార్ట్‌కీ పార్ట్‌కీ తేడా ఎంతుందో కొలుస్తారు. మిషన్‌లో తగిలే డోస్ కంటే ఎక్కువ ఇచ్చి చూస్తారు.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. నిజమే, అదే గిన్నెలోది అయితే. పార్ట్ నంబర్ ఒకటే అయినా, లాట్ మారితే గిన్నె మారినట్టే.

ఇదంతా ఉత్త థియరీ కాదు. నాసా వాళ్ల యూరోపా క్లిప్పర్ గురుగ్రహం దగ్గరి భయంకరమైన రేడియేషన్‌లోకి వెళ్లాలి. 2024 మేలో టీమ్‌కి ఒక వార్త తెలిసింది: అలాంటి ట్రాన్సిస్టర్లే అనుకున్నదానికంటే తక్కువ డోస్‌కే ఫెయిల్ అవుతున్నాయి. అప్పటికే అవి స్పేస్‌క్రాఫ్ట్‌లో బిగించేసి ఉన్నాయి! విప్పాలా, వెళ్లాలా? నెలల తరబడి రాత్రింబవళ్లు టెస్టులు చేశారు. యూరోపాని దాటిన ప్రతిసారీ తర్వాతి రౌండ్ లోపు వారాల గ్యాప్ ఉంటుంది. ఆ గ్యాప్‌లో ట్రాన్సిస్టర్లు కొంత కోలుకుంటాయని తేలింది. 2024 అక్టోబర్ 14న లాంచ్ చేశారు. అది చేరేది 2030లో. అక్కడ పాడైతే వెళ్లి మార్చేవాళ్లెవరూ లేరు.

మీకో లెక్క: అదే 90% నమ్మకంతో "కనీసం 99% మంచివి" అనాలంటే, ఒక్కటీ ఫెయిల్ కాకుండా ఎన్ని పార్ట్స్ పాసవ్వాలి? హింట్: 22 కి పదింతలు దాటుతుంది. కామెంట్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం!