డిస్కు మూగపోకముందే మేలుకొందాం
(శాఖా కార్యదర్శుల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



శిక్షణా తరగతి అనగానే వేతన సంఘం, పెన్షను, క్రమశిక్షణా నియమావళి వంటి విషయాలు వింటామని మీరు అనుకొని వచ్చి ఉంటారు. ఈ గంటసేపు మాత్రం మేము మీ కార్యాలయంలో బల్ల క్రింద ఉన్న ఒక పెట్టెను గురించి, ఆ పెట్టెలోని హార్డ్ డిస్కును గురించి మాట్లాడదలచాము. ఇది నిపుణుల విషయం, మనకెందుకని ఎవరైనా అనుకొంటే, చివరిదాకా విని అప్పుడు నిర్ణయించవలసిందిగా కోరుతున్నాము.

మొదట మా తప్పును ఒప్పుకొంటాము. కొన్నేండ్ల క్రిందట మా యూనియన్ కార్యాలయంలో ఏడేండ్లుగా పనిచేస్తున్న కంప్యూటరు మందగించింది. ఒక్క ఫైలు తెరుచుకోవడానికి మనిషి బయటికి వెళ్ళి టీ తాగి వచ్చేంత సేపు పట్టేది. పెట్టెలోనుండి గడియారం కొట్టుకొన్నట్లు టిక్కు టిక్కుమని చప్పుడు వచ్చేది. ఫ్యాను పాతబడిందని మాలో ఒకరన్నారు, వైరస్ పట్టిందని మరొకరన్నారు. పదేపదే ఆపి, మళ్ళీ వేసి చూశాము. చివరికి డిస్కును తనిఖీ చేసి బాగుచేసే ప్రోగ్రామును రాత్రంతా నడిచేటట్లు పెట్టి ఇండ్లకు వెళ్ళాము. తెల్లవారి వచ్చి చూస్తే, అసలు డిస్కు ఉన్నట్లే కంప్యూటరు గుర్తించలేదు.

సభ్యత్వపు జాబితాలు పోయినవి. అధికారులతో జరిగిన సమావేశాల మినిట్లు పోయినవి. చనిపోయిన ఒక ట్రాక్‌మాన్ భార్య కుటుంబ పెన్షను కేసులో మేము స్కాన్ చేసి పెట్టుకొన్న పాత ఉత్తర్వులు పోయినవి. ఆమె అసలు కాగితాలను తన ట్రంకుపెట్టెలో చీరల మడతల మధ్య దాచుకొని ఉండబట్టి కేసు నిలిచింది. చదువుకొన్న మేము పోగొట్టినదానిని చదువురాని ఆ తల్లి కాపాడింది. ఆనాటి సిగ్గులోనుండే ఈ ప్రసంగం పుట్టింది.

కార్మిక సంఘానికి కాగితం ఎంతటి బలమో మనకు ఒకరు చెప్పనవసరం లేదు. 1974 మే 8న మొదలై 27న విరమించబడిన రైల్వే సమ్మెలో ఉద్యోగాలు పోగొట్టుకొన్నవారిని తిరిగి పనిలోకి తీసుకొనేందుకు చాలాకాలం పోరాడవలసి వచ్చింది. అటువంటి పోరాటాలలో ఒక్కొక్క ఉత్తర్వు నకలు ఎంత విలువైనదో పెద్దల నోట మనం విన్నాము. ఈనాడు ఆ నకళ్ళు బీరువాలోనుండి కంప్యూటరులోకి మారినవి. రిజర్వేషను లెక్కలు, తపాలా సేవింగ్స్ ఖాతాలు కేంద్ర సర్వర్లలో ఉంటాయి గనుక అవి మన బల్ల క్రింది పెట్టెపై ఆధారపడి లేవు. కాని మన వినతిపత్రాలు, కేసు ఫైళ్ళు, సభ్యుల అర్జీలు, చందాల పద్దులు, ఇవన్నీ అనేక శాఖలలో ఆ ఒక్క డిస్కులోనే ఉంటున్నవి. ఖరగ్‌పూర్ నుండి గుంతకల్లు దాకా మనం చూచిన యూనియన్ కార్యాలయాలలో పరిస్థితి ఇంచుమించు ఇదే.

అసలు ఈ డిస్కు అంటే ఏమిటి? 1956లో ఐ.బి.ఎం. కంపెనీ విడుదల చేసిన మొట్టమొదటి డిస్కు యంత్రంలో 24 అంగుళాల వ్యాసం గల 50 పళ్ళేలు ఉండేవి. అన్నీ కలిపితే పట్టేది సుమారు 50 లక్షల అక్షరాలు మాత్రమే. నేటి డిస్కు అరచేతిలో ఇముడుతుంది, అయినా పనిచేసే పద్ధతి మారలేదు. అయస్కాంతపు పూత గల పళ్ళేలు సాధారణంగా నిమిషానికి 5,400 లేక 7,200 చుట్లు తిరుగుతూ ఉంటాయి. వ్రాసేదీ చదివేదీ ఒక చిన్న తల. అది పళ్ళేన్ని తాకదు, తల వెంట్రుక మందంలో వెయ్యో వంతుకన్నా తక్కువ ఎత్తున తేలుతూ ఉంటుంది. ఆ తల పళ్ళేన్ని రాసుకొన్నదంటే, పూతతోపాటు దానిపై వ్రాసి ఉన్నది కూడా లేచిపోతుంది. ఇంత వేగంగా, ఇంత దగ్గరగా తిరిగే యంత్రం ఏదో ఒకనాడు అరగక తప్పదు. అరగడం తప్పు కాదు. అరుగుతున్నదని తెలిసికూడా ఊరకుండటం తప్పు.

పాతకాలంలో బండి స్టేషనులో ఆగగానే క్యారేజి సిబ్బంది సుత్తితో చక్రాన్ని తట్టి, నాదాన్నిబట్టి పగులును పసిగట్టేవారు. డిస్కు విషయంలోనూ చెవి, కన్ను పనిచేయాలి. మనం గుర్తుపట్టవలసిన లక్షణాలు ఇవి.

మొదటిది చప్పుడు. ఎప్పుడూ వినిపించని టిక్కు టిక్కుమనే శబ్దం పదేపదే వస్తున్నా, గీరుతున్నట్లు వినిపిస్తున్నా అది తలకో, తిప్పే మోటారుకో వచ్చిన కష్టం. రెండవది మందగింపు. కొన్ని ఫైళ్ళను తెరిచినప్పుడు మాత్రమే యంత్రం బిగుసుకొనిపోయి, కొంతసేపటికి తేరుకొంటున్నదంటే, డిస్కులో ఆ చోటును చదవలేక మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తున్నదని అనుమానించాలి. మూడవది చెడిన ఫైళ్ళు. నిన్న తెరుచుకొన్న ఉత్తరం నేడు తెరుచుకోకపోవడం, పేర్లు పిచ్చిగీతలుగా మారడం, నకలు తీస్తుండగా మధ్యలో తప్పు చూపి ఆగిపోవడం ఈ కోవలోనివి. నాలుగవది, కంప్యూటరు వేసినప్పుడు ఒకసారి డిస్కు కనబడటం, ఒకసారి కనబడకపోవడం.

ఐదవది, డిస్కు తన గురించి తానే వ్రాసుకొనే ఆరోగ్య పట్టిక. దీనిని స్మార్ట్ అంటారు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో, స్మార్ట్‌మన్‌టూల్స్ వంటి ఉచిత ప్రోగ్రాములు ఆ పట్టికను చూపుతాయి. అందులో 5, 197, 198 సంఖ్యలు గల వరుసలను చూడండి. చెడిపోయి పక్కనపెట్టిన చోట్లు, చదవలేక అనుమానంలో ఉంచిన చోట్లు, చదవడం ఇక సాధ్యం కాని చోట్లు అక్కడ లెక్కకు వస్తాయి. ఈ లెక్కలు సున్నా దాటి పెరుగుతూ ఉంటే ఆలస్యం పనికిరాదు. అయితే ప్రతి మందగింపునకూ డిస్కే కారణమని తొందరపడరాదు. 199వ వరుస మాత్రమే పెరుగుతూ ఉంటే సాధారణంగా తప్పు కేబులుది, దానిని మారిస్తే సరిపోవచ్చు.

ఈ పట్టికను ఎంతవరకు నమ్మవచ్చు? 2007లో గూగుల్ సంస్థ పరిశోధకులు తమ వద్దనున్న లక్షకు పైగా డిస్కులను పరిశీలించి ఫలితాలను ప్రకటించారు. తనిఖీలో మొదటి తప్పు కనబడిన డిస్కు, ఏ తప్పూ కనబడని డిస్కుకన్నా, తరువాతి 60 రోజులలో చెడిపోయే అవకాశం 39 రెట్లు ఎక్కువని తేలింది. అదే పరిశోధనలో మరొక సంగతి కూడా బయటపడింది. చెడిపోయిన డిస్కులలో 36 శాతానికి పైగా ఈ పట్టికలో ఏ హెచ్చరికా చూపకుండానే పోయినవి. దీని సారాంశం ఏమిటి? హెచ్చరిక వస్తే నమ్మాలి. హెచ్చరిక రాలేదు గదా అని నిశ్చింతగా ఉండరాదు.

కొత్త కంప్యూటర్లలో తిరిగే పళ్ళేలు లేని సాలిడ్ స్టేట్ డిస్కులు వస్తున్నవి. వాటికి చప్పుడు లేదు గనుక చెవికి పని లేదు. కొన్ని వ్రాతకు లొంగక చదువుకు మాత్రమే మిగులుతాయి, కొన్ని ఏ సూచనా లేకుండా ఒక్కసారిగా మాయమవుతాయి.

ఇక లక్షణం కనబడినప్పుడు ఏమి చేయాలి? వెళ్ళే బండిలో యాక్సిల్ బాక్సు వేడెక్కి పొగ కక్కుతున్నదని గేటుమాన్ చూస్తే ఏమి చేస్తాడు? కారణం వెదకడు. ఎర్రజెండా చూపుతాడు. ముందు బండి ఆగాలి, విచారణ తరువాత. మేము ఆనాడు చేయనిది సరిగ్గా ఇదే.

కాబట్టి మొదటి పని, ఆ డిస్కుపై కొత్తగా ఏమీ వ్రాయకుండా ఆపడం. గీరుతున్న చప్పుడు గానీ, ఆగని టిక్కుటిక్కులు గానీ ఉంటే వెంటనే కరెంటు తీసివేయండి. మళ్ళీ మళ్ళీ వేసి చూడటమంటే విరిగిన కాలితో నడిపించడమే.

రెండవ పని, డిస్కు ఇంకా చదవగలుగుతున్నట్లయితే, మరొక డిస్కుపైకి నకలు తీయడం. ఇక్కడ క్రమం ముఖ్యం. మళ్ళీ దొరకనివి ముందు, దొరికేవి తరువాత. కేసు కాగితాలు, సభ్యుల జాబితా, పద్దులు మొదట. మహాసభల ఫోటోలు ఆ తరువాత. ప్రోగ్రాములు అక్కరలేదు, అవి ఎక్కడైనా దొరుకుతాయి. ఒక ఫైలు మొరాయిస్తే దానితో పెనుగులాడక, విడిచిపెట్టి ముందుకు సాగండి.

మూడవది, నకలు పూర్తయ్యేదాకా బాగుచేసే ప్రోగ్రాములను ముట్టరాదు. అవి డిస్కు అంతటినీ చదివిస్తాయి, కొన్నిచోట్ల దిద్దుతాయి కూడా. ఆయాసపడుతున్న డిస్కుకు ఆ శ్రమ చాలు, ప్రాణం పోవడానికి. తెలిసినవారు దగ్గరుంటే డీడీ రెస్క్యూ వంటి పనిముట్టును వాడవచ్చు. అది సులువుగా చదవగలిగిన భాగాలను ముందు తీసుకొని, మొండి భాగాలను చివరకు వదిలిపెడుతుంది. తరువాతి మరమ్మతు ఏదైనా ఆ నకలుపైనే చేయాలి.

నాలుగవది, డిస్కు మూతను విప్పరాదు, తట్టరాదు, ఎవరో చెప్పారని ఫ్రిజ్‌లో పెట్టరాదు. విప్పితే ధూళి పడుతుంది, చల్లబరిస్తే చెమ్మ చేరుతుంది. డిస్కు పూర్తిగా మూగపోయినప్పుడు మిగిలిన దారి, ధూళి లేని గదులలో ఇటువంటి పని చేసే కేంద్రానికి పంపడమే. అది ఖర్చుతో కూడిన పని, ఫలితానికి హామీ లేదు. పైగా సభ్యుల బ్యాంకు ఖాతాల వివరాలు ఉన్న డిస్కును దారినపోయే దుకాణానికి అప్పగించరాదని గుర్తుంచుకోవాలి.

ఇంతవరకు చెప్పినది యూనియన్ కంప్యూటరును గురించి. మన డ్యూటీ బల్లమీది సర్కారు యంత్రం సంగతి వేరు. దానిని మనం విప్పరాదు. దానిలో సొంతంగా ఏ ప్రోగ్రామూ పెట్టరాదు. మంచి ఉద్దేశంతోనైనా సరే, ఆఫీసు సమాచారాన్ని సొంత పెన్ డ్రైవులోకి ఎక్కించరాదు. అక్కడ మన రక్షణ ఒక్కటే, వ్రాతపూర్వకమైన రిపోర్టు.

తపాలా సోదరులకు ఈ పద్ధతి కొత్తది కాదు. సీలు చెడిన సంచి చేతికి వస్తే సాక్షి ఎదుట విప్పి, సీలునూ దారాన్నీ లేబిలునూ భద్రపరచి, వెంటనే రిపోర్టు వ్రాస్తారు. యంత్రం విషయంలోనూ అంతే. తేదీ, సమయం, తెరపై కనబడిన మాటలు, వినబడిన చప్పుడు, ఇవన్నీ వ్రాసి పై అధికారికి ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోండి. జవాబు రాకపోతే గుర్తుచేస్తూ మరొకటి వ్రాయండి.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణమున్నది. ఉద్యోగి నిర్లక్ష్యంవల్ల ప్రభుత్వానికి నష్టం వాటిల్లితే దానిని జీతంనుండి రాబట్టడం శిక్షలలో ఒకటి. 1965 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు నియమావళిలో 11వ నియమం, 1968 నాటి రైల్వే ఉద్యోగుల క్రమశిక్షణ, అప్పీలు నియమావళిలో 6వ నియమం ఈ అధికారాన్ని ఇస్తున్నవి. యంత్రం అరిగిపోయిన నేరం మనిషి మెడకు చుట్టుకోకుండా ఉండాలంటే, అరుగుతున్నదని ముందే చెప్పినట్లు రుజువుండాలి. నోటిమాటగా చెప్పిన ఫిర్యాదు విచారణాధికారి ముందు నిలబడదు. ఒక్క కాగితం నిలబడుతుంది.

చివరగా అసలు మందు. ముఖ్యమైన ప్రతిదానికీ మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలపై, అందులో ఒకటి వేరే ఊళ్ళోనో, కనీసం వేరే కట్టడంలోనో ఉండాలి. నకలున్న పెన్ డ్రైవు కూడా కంప్యూటరు ఉన్న బల్ల సొరుగులోనే ఉంటే ఏమి లాభం? 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ కాలనీలను ముంచినప్పుడు, నీరు ఒకే గదిలోని అసలుకూ నకలుకూ తేడా చూపి ఉండదు. నకలు డిస్కును ఎప్పుడూ కంప్యూటరుకు తగిలించి ఉంచినా ప్రమాదమే, వైరస్ వస్తే రెండింటినీ కలిపి తింటుంది. నెలకొకసారి నకలును తెరిచి, ఫైలు నిజంగా చదవబడుతున్నదో లేదో చూడండి. చదవలేని నకలు నకలే కాదు.

ఈ పనిని ఎవరో ఒకరు చూస్తారులే అంటే ఎవరూ చూడరు. అందుచేత మేము మా కార్యవర్గంలో ఒక ఏర్పాటు చేసుకొన్నాము. ఈ బాధ్యతను ఒక కామ్రేడ్‌కు పేరుపెట్టి అప్పగించాము. కోశాధికారి పద్దు అప్పజెప్పినట్లే, ఆయన ప్రతి కార్యవర్గ సమావేశంలో చివరి నకలు తేదీని చదివి వినిపిస్తారు. కొత్త కార్యవర్గం వచ్చినప్పుడు తాళంచెవులతోపాటు నకళ్ళు కూడా చేతులు మారుతాయి. మీ శాఖలలోనూ ఇటువంటి తీర్మానం చేయవలసిందిగా విజ్ఞప్తి చేస్తున్నాము.

ఆ తల్లికి ట్రంకుపెట్టె ఉన్నది గనుక మా పరువు దక్కింది. ప్రతి సభ్యుని ఇంటా ఒక ట్రంకుపెట్టె ఉంటుందన్న నమ్మకంతో యూనియన్ నడవరాదు. వారు తమ కాగితాలను మన చేతిలో పెట్టింది, మనం తమకన్నా జాగ్రత్తగా ఉంటామన్న విశ్వాసంతోనే. రేపు మీ కార్యాలయం తాళం తీయగానే, ఈ తరగతి నివేదికను టైపు చేయడానికి కూర్చోకముందే, ఒక నకలు తీయండి. నివేదిక ఒకరోజు ఆలస్యమైనా మేము ఏమీ అనము.