ఏ వాద్యము మౌనము వహింపవలెను?



గోదావరీతీరమందలి యీ బొగ్గుగనుల పట్టణమున, అహోరాత్రములను మూడు షిఫ్టులుగా పంచుకొని బ్రదుకు జనుల నడుమ పెరిగి పట్టభద్రులైన మీ యెదుట వాద్యబృందరచనమును గూర్చి ప్రసంగించుట కొందరికి వింతగా దోపవచ్చును. కాని పలువురు వేర్వేరు పనులు చేయుచు నొక్క ఫలమునకై కాలమును పాటించుట మీకు క్రొత్త గాదు గనుక ఉపోద్ఘాతము నింతటితో విడిచెదను.

మన రాగమునకు ప్రాణము, స్వరమును కదలించు గమకము. అది గాయకుని మనోధర్మము నుండి పుట్టునది గాని కాగితము నుండి పుట్టునది గాదు. పదిమంది వయొలిన్ వాదకులు తోడి రాగమందలి గాంధారమును ఎవరికి దోచినట్లు వారు కదలించినచో నది తోడియు గాదు, సంగీతమును గాదు. కావున బృందమునకు వ్రాయువాడు ఏ స్వరమును నిలుపవలెనో, దేని నెంత కదలింపవలెనో, ఎవరిని ఊరకుంచవలెనో ముందుగానే నిర్ణయింపవలసియున్నది. గమకసూక్ష్మతకు పేరుగాంచిన వైణికులు ఈమని శంకరశాస్త్రిగారు, 1952లో ఢిల్లీ ఆకాశవాణియందు వెలసిన జాతీయ వాద్యబృందమునకు తరువాతికాలమున నిర్దేశకులగుట నాకెంతయు సముచితముగా దోచును. చలనచిత్ర సంగీతదర్శకులు సాలూరి రాజేశ్వరరావుగారు పిన్నవయసుననే కలకత్తా చేరి అచ్చటి వాద్యసమ్మేళన పద్ధతిని వంటబట్టించుకొనిరి. 1951 నాటి ‘మల్లీశ్వరి’ చలనచిత్రమునకు వారు బాణీలు కట్టగా, వాద్యనిర్వహణము అద్దేపల్లి రామారావుగారిది. ఆ పాటలయందు కంఠమునకు చోటిచ్చి వాద్యములు తప్పుకొను తీరును చెవియొగ్గి వినుడు.

బృందమునకు వ్రాయువానికి పుస్తకజ్ఞాన మొక్కటే చాలదు. బీ-ఫ్లాట్ క్లారినెట్ వ్రాసినదానికంటె నొక పూర్ణస్వరము తక్కువగా పలుకునని పుస్తకములు చెప్పును. ఈ రామగుండము ఎండలను గూర్చి మాత్రము చెప్పవు. వైశాఖమాసమున ఆరుబయటి వేదికపై, వేడెక్కిన గాలిచే వేణువు శ్రుతి హెచ్చును. వయొలిన్ లోహతంత్రులు సాగి శ్రుతి దిగును. నిప్పుసెగకు కాచిన డప్పు తొలుత గణగణ మ్రోగి, చర్మము చల్లబడి వదులైనకొలది మందగించును. ఈ మూటిని ఒక్క పుటలో నిముడ్పదలచినవాడు కలము పట్టుటకు ముందు వాదకుల సరసన చిరకాలము కూర్చుండవలెను.

మీలో నెవరికైన నీ విద్యయందు కోరిక గలిగినచో సింఫనీతో మొదలిడకుడు (ఆ మోహము నేనెరుగనిది గాదు). మీ పేటలో దొరకు వేణువు, వయొలిన్, హార్మోనియము, డప్పు, ఈ నాల్గింటికి ఒక చిన్న పల్లవిని వ్రాసి వాదకుల చేతికిచ్చి, వారు మొగము చిట్లించిన చోటులనెల్ల ఎర్రసిరాతో గుర్తింపుడు. హార్మోనియము గమకము పలుకనేరదు గనుక దానికి నిలుకడ స్వరములే యిండు. డప్పు కళాకారునికి, నడుమ నొకసారి చర్మమును సెగ చూపుకొనుటకు చాలినన్ని ఆవర్తనముల విరామ మిండు.