వయసు మీదకు నెట్టేసిన నొప్పులు

ఆదివారం పూట, ఇంత ఉక్కపోతలో, ఒక డాక్టరు మాట వినడానికి వచ్చారు. మీ ఓపికకు ముందు దండం పెడుతున్నాను.

మన రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను రావాలంటే 60 ఏళ్లు నిండాలి. చేనేత పనివారికి మాత్రం 50 ఏళ్లకే ఇస్తారు. మత్స్యకారులకూ, కల్లుగీత పనివారికీ అంతే. ప్రభుత్వోద్యోగి పదవీ విరమణ వయసేమో 2022లో 62కు పెరిగింది. మన చీరాలలో ఒకే వీధిలో, ఒకే ఏడాది పుట్టిన ఇద్దరు పిల్లల్ని ఊహించుకోండి. ఒకరు గుంట మగ్గంలోకి దిగారు, ఒకరు ఆఫీసులో గుమాస్తాగా చేరారు. మొదటివాడు పింఛను లైన్లో నిలబడిన పన్నెండేళ్లకు గాని రెండోవాడికి వీడ్కోలు సభ జరగదు. పింఛను నిబంధనలు రాసినవాళ్లు వైద్యులు కారు. అయినా వైద్యులమైన మేం తరచు మరిచిపోయే సంగతి వాటిలో ఉంది. మనిషిని ముసలివాణ్ణి చేసేది ఏళ్లు మాత్రమే కాదు, పని కూడా.

నేను ఫ్యాక్టరీల్లో, మిల్లుల్లో పనివాళ్ల ఆరోగ్యం చూసే డాక్టర్ని. మోకాళ్ల నొప్పులని వచ్చినవాళ్లకు "వయసు కదమ్మా" అనేసి మాత్రలు రాసి పంపిన పాపం నేనూ చేశాను. ఒకసారి బట్టల షాపులో పనిచేసే ఒకావిడ ఆ మాటకు ఊరుకోలేదు. "నాకు నలభై ఎనిమిదండీ. మా అత్తగారికి డెబ్బై. ఆవిడ రోజూ గుడిమెట్లు ఎక్కి దిగుతుంది. మరి ఆవిడకు లేదేం?" అంది. నా దగ్గర జవాబు లేదు. అప్పుడు గాని మొదటే అడగాల్సిన ప్రశ్న అడగలేదు: రోజుకు ఎంతసేపు నిలబడతారమ్మా? పొద్దున తొమ్మిదిన్నర నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకానట. మధ్యలో కూర్చోరా అంటే, "కూర్చుంటే కెమెరాలో కనబడుతుందండీ" అంది.

నిలబడటంలో ఏముంది, నడిచేవాళ్లు లేరా అనుకుంటాం. నడకకూ నిలబడటానికీ చాలా తేడా ఉంది. మన పిక్కలో ఉన్న కండరం ఒక పంపు లాంటిది. అడుగు వేసినప్పుడల్లా బిగుసుకుని కాళ్లలోని రక్తాన్ని పైకి నెడుతుంది. కదలకుండా నిలబడితే ఆ పంపు ఆగిపోయినట్టే. రక్తం కిందే నిలుస్తుంది, పాదాలు వాస్తాయి, ఏళ్లు గడిచేకొద్దీ సిరల్లోని కవాటాలు వదులై ఆ సిరలు నీలంగా ఉబ్బుతాయి. పాతికేళ్ల పిల్ల కాళ్లు రాత్రి పడుకుంటే తెల్లారేసరికి తేరుకుంటాయి. యాభై దగ్గర పడ్డాక ఒక రాత్రి సరిపోదు. వయసు చేసే పని నిజానికి ఇంతే. దెబ్బ కొట్టేది వేరే, వయసు ఆ దెబ్బను మాననివ్వదు.

ఫిన్లాండ్‌లో వృత్తి ఆరోగ్య పరిశోధకులు 1981లో ఒక పెద్ద పనికి పూనుకున్నారు. 44 నుంచి 58 ఏళ్ల మధ్య వయసున్న 6,257 మంది మునిసిపల్ ఉద్యోగుల్ని తీసుకున్నారు. ఊడ్చేవాళ్లు, వంటవాళ్లు, నర్సులు, టీచర్లు, అధికారులు అందరూ అందులో ఉన్నారు. పదకొండేళ్లు వాళ్లను గమనించారు. వయసే కారణమైతే అందరూ ఒకే తీరున దిగజారాలి కదా? అలా జరగలేదు. సుమారుగా చెప్పాలంటే, పదిమందిలో ఆరుగురి పనిచేసే శక్తి నిలకడగా ఉంది. ముగ్గురిది బాగా పడిపోయింది. ఒకరిది పెరిగింది! యాభై దాటాక పెరగడమేమిటని ఆరా తీస్తే మూడు సంగతులు బయటపడ్డాయి. పై అధికారి తీరు మెరుగుపడటం, చేసిన కదలికే మళ్లీ మళ్లీ చేయాల్సిన పని తగ్గడం, పని వేళల తర్వాత చురుగ్గా వ్యాయామం చేయడం. దిగజారినవాళ్ల సంగతి చూస్తే, పనిచోట గుర్తింపూ గౌరవమూ తగ్గాయి, ఒకేచోట నిలబడాల్సిన సమయం పెరిగింది. మేస్త్రీ మాటతీరు మోకాలి నొప్పిలా లెక్కకొచ్చే వైద్య విషయమని నేను తెలుసుకున్నది ఆ లెక్కలు చదివాకే.

చేసిన కదలికే మళ్లీ మళ్లీ చేయడమంటే ఏమిటో నేతవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఇక్కత్ నేతలో ఆసు పోయడం ఉంటుంది. అర్ధచంద్రాకారంలో బిగించిన మేకుల చుట్టూ దారాన్ని తిప్పుతూ చేతిని దాదాపు మీటరు మేర అటూ ఇటూ ఆడించాలి. ఒక్క చీరకు అలా తొమ్మిది వేల సార్లు. రోజుకు రెండు చీరలకు పోస్తే పద్దెనిమిది వేలు. ఆ పని ఎక్కువగా చేసేది ఇంటి ఆడవాళ్లు. ఆలేరు ప్రాంతంలో చింతకింది మల్లేశం గారి తల్లి లక్ష్మి గారి భుజం ఆ పనితోనే పాడైంది. ఈ పని ఇక నా వల్ల కాదని ఆవిడ అంటే, ఆ కొడుకు తల్లికి తైలం తేలేదు, యంత్రం కట్టాడు. బడి చదువు మధ్యలోనే ఆగిపోయిన మనిషి, ఏళ్ల తరబడి అవస్థపడి 1999లో ఆసు యంత్రాన్ని పూర్తిచేశాడు. దానికి లక్ష్మీ ఆసు యంత్రమని తల్లి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన మీద సినిమా కూడా వచ్చింది, మీలో కొందరు చూసే ఉంటారు. అందరూ అందులో పట్టుదల చూస్తారు, నాకు కనిపించేది రోగనిర్ధారణ. జబ్బు భుజంలో లేదు, ఆ పద్దెనిమిది వేల కదలికల్లో ఉందని ఆయన కనిపెట్టాడు. పెద్ద చదువులు చదివిన మేం భుజానికి ఎక్స్‌రే తీస్తాం.

చూపు సంగతి కూడా ఇలాంటిదే. అరవయ్యేళ్ల కంటి లోపలి తెరకు చేరే వెలుతురు ఇరవయ్యేళ్ల కంటికి చేరేదానిలో ఇంచుమించు మూడో వంతు. నేతగాడు తెగిన పోగు వెతకడానికి తడుముకుంటుంటే కళ్లు పోయాయంటాం. మగ్గం మీద ఒక మంచి దీపం వేలాడదీసి చూడండి, సగం చూపు తిరిగొస్తుంది. నిద్ర సంగతీ అంతే. రాత్రి కాపలా కాసే వాచ్‌మన్లలో యాభై దాటినవాళ్లు చాలామంది ఉంటారు. ఆ వయసులో పగటి నిద్ర సరిగా పట్టదు. నిద్ర చెడితే బీపీ, షుగరు అదుపు తప్పుతాయి. మనమేమో వాచ్‌మన్ కునికిపాట్లు పడుతున్నాడని ఫిర్యాదు చేస్తాం.

ఇవన్నీ సరిచేయాలంటే కోట్లు కావాలని యజమానులు అంటారు. జర్మనీలోని డింగోల్‌ఫింగ్‌లో బీఎండబ్ల్యూ కార్ల ఫ్యాక్టరీ ఉంది. తమ పనివాళ్ల సగటు వయసు పదేళ్లలో 47కు చేరుతుందని లెక్కగట్టి, 2007లో వాళ్లు ఒక ప్రయోగం చేశారు. 42 మంది పనిచేసే ఒక లైన్‌లో సగటు వయసు 47 ఉండేలా మనుషుల్ని సర్దారు. తోటివాళ్లు దాన్ని పింఛనుదార్ల లైనని ఎగతాళి చేశారట. ఏం మార్చాలో ఆ పనివాళ్లనే అడిగారు. సిమెంటు నేల మీద చెక్క పరిచారు, మంగలి షాపు కుర్చీల్లాంటివి వేశారు, భూతద్దాలు బిగించారు, తెర మీద అక్షరాలు పెద్దవి చేశారు, షిఫ్టు మధ్యలో పనులు మార్చుకునే ఏర్పాటు చేశారు. ఇలాంటి చిన్న మార్పులే ఓ డెబ్బై. సామగ్రికి అయిన ఖర్చు సుమారు 20 వేల యూరోలు. ఏడాదిలో ఉత్పాదకత 7 శాతం పెరిగింది. గైర్హాజరు 7 శాతం నుంచి 2 శాతానికి తగ్గింది. ఇందులో ధర్మకార్యమేమీ లేదు, లాభం చూసుకునే చేశారు. నాకు దానిమీద అభ్యంతరం కూడా లేదు.

మన చట్టం వెనకబడి ఉందా అంటే, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షనే నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే వసతి ఉండాలంది. దుకాణాల్లో పనిచేసేవాళ్లకు ఆ హక్కు రావడానికి మాత్రం చాలా కాలం పట్టింది. కేరళలో అమ్మకపు పని చేసే ఆడవాళ్లు వీధికెక్కి పోరాడితే 2018లో వచ్చింది. తమిళనాడు 2021లో ఇచ్చింది.

ఈ ఊరు బట్టల ఊరు. ముందు వరసలో షాపుల యజమానులు కూర్చున్నారు, నాకు తెలుసు. మిమ్మల్ని ఒక్కటే అడుగుతాను. చట్టం సంగతి ఎలా ఉన్నా, రేపు షట్టర్ ఎత్తగానే కౌంటర్ల వెనక నాలుగు స్టూళ్లు వేయించండి. బేరం లేనప్పుడు కూర్చోండమ్మా అని మీ నోటితో చెప్పండి. చెప్పకపోతే వాళ్లు కూర్చోరు, ఆ కెమెరా భయం అలాంటిది.

ఇక మీ ప్రశ్నలు అడగండి. ఎవరూ లేచి నిలబడొద్దు, కూర్చునే అడగండి.