విమానానికీ ఉంటుంది సర్వీసు రిజిస్టరు

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు ఇచ్చిన అంశం "అమెరికా అనుభవాలు". అక్కడి రోడ్ల గురించి, శుభ్రత గురించి నిరుడు ఇద్దరు మిత్రులు ఇదే వేదిక మీద విపులంగా చెప్పారు. కనుక నేను వేరే సంగతి చెబుతాను. టెక్సాస్‌లో ఉంటున్న మా అబ్బాయి ఒక పాత విమానం కొన్నాడు. దాని కాగితాలు చూసినవాణ్ణి నేను.

విమానం అనగానే మీరు ఎయిరిండియా ఊహించుకోవద్దు. ఇది రెండే సీట్లుండే శిక్షణ విమానం. పేరు సెస్నా 150. ఇద్దరు కూర్చుంటే భుజాలు ఒరుసుకుంటాయి. 100 గుర్రాల శక్తి గల చిన్న ఇంజను, ముందు ఒక పంకా. 1958 నుంచి 1977 దాకా ఈ రకం విమానాలు ఇరవై వేలకు పైగా తయారయ్యాయి. ఆ తరువాత 1985 వరకూ దాని తమ్ముడు సెస్నా 152 వచ్చింది. మన దేశంలోనూ 1958లో మొదటిసారి ఎగిరిన హెచ్.ఏ.ఎల్. వారి పుష్పక్ ఇలాంటిదే. ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఎందరో దాని మీదే నేర్చుకున్నారు.

కొనడం దేనికంటారా? మా మనవడికి పైలట్ ఉద్యోగం మీద మనసు. అక్కడ సొంతానికి నడుపుకునే లైసెన్సుకు కనీసం 40 గంటలు ఎగరాలి. జీతం పుచ్చుకుని నడపాలంటే మామూలు పద్ధతిలో 250 గంటలు కావాలి. గంటకింత అని స్కూలుకు అద్దె కట్టేకంటే, పాతది కొని, గంటలు పూర్తయ్యాక అమ్ముకోవడం మేలని తండ్రీకొడుకులు లెక్క వేశారు. లెక్క సబబుగానే ఉంది. అయితే అందులో మావాడు ఒంటరిగా ఎగరాలి. నేను చూసినది ఆ ఒక్క సంగతే.

మొదట చూసిన విమానం 1976 నాటిది. కొత్తగా రంగు వేశారు, సీట్లకు కొత్త తోలు. అడిగిన ధర 34,000 డాలర్లు. మావాడు దాని రెక్క మీద చెయ్యి వేసి, "తాతయ్యా, ఇదే" అన్నాడు. నేను రెక్క చూడలేదు. పుస్తకాలేవీ అని అడిగాను.

ముప్పై ఆరేళ్ళు ట్రెజరీలో బిల్లులు చూసినవాణ్ణి. ఆ పుస్తకాలు చూడగానే పుట్టింటికి వచ్చినట్టయింది. మన ఎస్.ఆర్. వంటివే అవి. విమానం ఒంటికి ఒకటి, ఇంజనుకు ఒకటి వేరువేరుగా ఉంటాయి. వాటిని లాగ్‌బుక్కులంటారు. ఏ పని చేసినా తేదీ, అప్పటికి తిరిగిన గంటలు, చేసినవాడి సంతకం, లైసెన్సు నంబరు రాయాలి. ఏడాదికోసారి అర్హత గల మెకానిక్కు మొత్తం పరీక్షించి ఎగరడానికి పనికొస్తుందని రాయాలి. ఆ ఎంట్రీ గడువు దాటితే విమానం నేల మీదే. మనం ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్టు గుర్తొచ్చింది నాకు.

అక్కడి విమానయాన శాఖవారు ఫలానా భాగం చూడాలి, ఫలానాది మార్చాలి అని ఉత్తర్వులిస్తారు. ఏ.డి.లంటారు. మన జీవోల్లాంటివి, కాకపోతే వీటిని అమలు చేసి తీరాలి. (ఇక్కడ సభలో నవ్వులు.) ఈ సెస్నాలకు సీటు పట్టాల గురించి ఒక ఏ.డి. ఉంది. పట్టా అరిగితే పైకి లేచే సమయంలో సీటు వెనక్కి జారిపోతుంది, పైలట్‌కు కంట్రోళ్ళు అందవు. అందుకని దాన్ని పదే పదే పరీక్షించి రాస్తూ ఉండాలి. ఒకసారి చేసి వదిలేసేది కాదు.

ఇంజను సంగతి. తయారీదారు లెక్కన 1,800 గంటలకు దాన్ని పూర్తిగా విప్పి బాగుచేయాలి. అమ్మేవాడు "ఓవర్‌హాల్ అయ్యాక 600 గంటలే తిరిగింది" అని గొప్పగా చెప్పాడు. ఎప్పుడు అయింది అంటే 1999లో. తిరగని ఇంజనుకు లోపల తుప్పు పడుతుంది. తక్కువ గంటలని మురిసిపోనక్కరలేదు. మెకానిక్కు సిలిండర్లకు 80 పౌన్ల ఒత్తిడితో గాలి పెట్టి ఎంత నిలుస్తుందో చూస్తాడు. 74/80 అలా రాస్తాడు. మన బీపీ చీటీలాగే.

ఇక అసలు విషయం. ట్రెజరీలో క్యాష్‌బుక్కు పక్కన వోచర్లు పెట్టి టిక్కు కొట్టుకుంటూ పోయేవాళ్ళం గదా. అలాగే రెండు లాగ్‌బుక్కులూ బల్ల మీద పక్కపక్కన తెరిచి, తేదీ వారీగా చూసుకుంటూ పోయాను. 2009లో విమానం పుస్తకంలో మూడు పనులు రాసి ఉన్నాయి: ముక్కు చక్రం స్ట్రట్టు మార్చారు, ఫైర్‌వాల్ బాగుచేశారు, పంకా కొత్తది వేశారు. ఫైర్‌వాల్ అంటే ఇంజనుకూ మనుషులకూ మధ్యనుండే రేకు గోడ. అదే నెలలో ఇంజను పుస్తకంలో ఆయిలు మార్చినట్టు తప్ప మరేమీ లేదు.

ముక్కు నేలకు కొట్టుకుంటే పంకా వంగుతుంది. తిరుగుతున్న పంకా నేలకు తగిలితే లోపలి క్రాంక్‌షాఫ్టు దాకా దెబ్బ పోవచ్చు. అప్పుడు ఇంజను విప్పి చూడాలని తయారీదారులే చెబుతారు. ఇక్కడ విప్పిన దాఖలా లేదు. అమ్మేవాణ్ణి అడిగితే, అది తనకు ముందున్న యజమాని నాటి సంగతి అన్నాడు. ఓక్లహామా సిటీలో ఉన్న రిజిస్ట్రీ నుంచి ఆ విమానం రికార్డు తెప్పించాం. పెద్ద మరమ్మతులకు 337 నంబరు ఫారం అని ఒకటి ఉంటుంది, దాని నకలు అక్కడ దాఖలవుతుంది. ఫైర్‌వాల్ మరమ్మతు ఫారం ఉంది. ఇంజను మాట అందులోనూ లేదు.

విప్పించడానికయ్యే ఖర్చు ధరలో తగ్గించమన్నాం. ఒప్పుకోలేదు. మా అబ్బాయి బయానా ఇస్తూ, "మా మెకానిక్కు తనిఖీకి లోబడి" అని ఒప్పందంలో రాయించుకున్నాడు కాబట్టి డబ్బు వెనక్కి వచ్చింది. అమ్మేవాడి విమానానికి ఏటా సంతకం పెట్టే మెకానిక్కును కాక, ఏ సంబంధమూ లేని వేరే మనిషిని పెట్టుకోవడం కూడా అవసరం. మనవడు మూడు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. నాలుగో రోజు ఆ పుస్తకాల జిరాక్సులు తానే తెచ్చి, "ఎక్కడ చూశావో చూపించు తాతయ్యా" అన్నాడు. చూపించాను.

రెండు నెలల తరువాత దొరికింది 1974 నాటిది. రంగు వెలిసిపోయి, చూడ్డానికి మన పాత ఆఫీసు బీరువాలా ఉంది. కానీ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు మొదలు ఒక్క పేజీ పోకుండా పుస్తకాలున్నాయి. దాని మీద అప్పులేమైనా ఉన్నాయా అని మళ్ళీ రిజిస్ట్రీలో చూపించాం, మనం స్థలానికి ఈ.సి. తీసినట్టు. 29,500 డాలర్లకు ఖాయమైంది. అక్కడి పౌరుడో, శాశ్వత నివాసానుమతి ఉన్నవాడో అయితేనే సొంత పేర రిజిస్టరు చేస్తారు. మావాడికి ఆ ఇబ్బంది లేదు. 2020 జనవరి 1 నుంచి పెద్ద విమానాశ్రయాల చుట్టుపక్కల ఎగరడానికి ఏ.డి.ఎస్.-బి. పరికరం తప్పనిసరి. అదీ ఇందులో ఉంది.

కొన్న తరువాత ఖర్చులు వేరే. ఇన్సూరెన్సు, నిలిపే చోటుకు అద్దె, ఏటా పరీక్ష, గంటకు ఆరు గ్యాలన్ల దాకా పెట్రోలు. గంట ఎగిరినప్పుడల్లా ఇంజను ఓవర్‌హాలుకని కొంత పక్కన పెట్టమని చెప్పాను. జి.పి.ఎఫ్. కోతలాగా. పెడుతున్నారు.

నేను ఎక్కానా అని వెనక వరసలోంచి అడుగుతున్నారు. ఎక్కాను, మనవడికి లైసెన్సు వచ్చాకే. నేర్చుకునేవాడు ప్రయాణికుణ్ణి ఎక్కించుకోకూడదు. మొత్తం బరువు 1,600 పౌన్లు, అంటే 726 కిలోలు మించకూడదు. వాడు నన్ను బాత్రూం త్రాసు మీద నిలబెట్టి, కాగితం మీద లెక్క కట్టి, పెట్రోలు ఎంత పొయ్యాలో తేల్చి, కింద తేదీ వేసి సంతకం పెట్టి మరీ ఎక్కించాడు. మా ఆవిడ మాత్రం రెండే సీట్లుండటం ఎంతో సౌకర్యమని కిందనే కూర్చుంది.

మన సభ్యుల పిల్లలెవరైనా అక్కడ ఇటువంటిది కొనే ఆలోచనలో ఉంటే, లాగ్‌బుక్కుల నకళ్ళు పంపమనండి. సంఘం ఆఫీసులో మంగళ, శుక్రవారాలు పది నుంచి పన్నెండు దాకా ఉంటాను. ఎర్ర పెన్సిలు నా దగ్గరే ఉంది.