గీతకు అటూ ఇటూ: పాలస్తీనాపై ఒక స్మారకోపన్యాసం



ఎవరి జ్ఞాపకార్థం మనం ఇక్కడ కూర్చున్నామో ఆ మాస్టారు, గోడకు పటం తగిలించాకే చరిత్ర పాఠం మొదలుపెట్టేవారని ఆయన శిష్యులు చెబుతారు. పాలస్తీనా విషయంలో మనం ఆ పటం దగ్గరే ఆగిపోతున్నామన్నది నా బాధ. రెండు దేశాలా, ఒకే దేశమా అని దశాబ్దాలుగా వాదిస్తున్నాం. గీతకు అటూ ఇటూ బతికే మనిషికి ఏ చట్టం, ఏ ఓటు, ఏ నీళ్లు అన్నది వాదనలోకి రావడమే తక్కువ. నేను మాట్లాడదలచింది దాని గురించే.

1947లో, పాలస్తీనాను ఏలుతున్న బ్రిటన్ ఈ చిక్కుముడిని ఐక్యరాజ్యసమితి చేతిలో పెట్టింది. సమితి పదకొండు దేశాల కమిటీ వేసింది. మన దేశం తరఫున వెళ్లినవారు న్యాయమూర్తి సర్ అబ్దుర్ రహమాన్. ఆ వేసవిలో నాజీ మారణహోమం నుంచి బతికి బయటపడ్డ యూదులను, దాదాపు నాలుగున్నర వేల మందిని మోసుకుని ‘ఎక్సోడస్’ అనే ఓడ హైఫా రేవుకు చేరింది. బ్రిటిష్ సైనికులు వాళ్లను బలవంతంగా దించి వెనక్కి పంపేస్తుంటే కమిటీ సభ్యుల్లో కొందరు ఒడ్డున నిలబడి చూశారు. ఆ యూదులకెక్కడా చోటు లేదన్నది నిజం. ఆ చోటు ఇవ్వాల్సిన నేల మీద అప్పటికే జనాభాలో సుమారు మూడింట రెండు వంతులు అరబ్బులన్నదీ అంతే నిజం. ఈ రెండు నిజాల్లో ఒకదాన్ని దాచిపెట్టి చేసే ఏ వాదనా నాకు నిలబడేదిగా కనిపించదు.

కమిటీ నివేదిక ఆగస్టు 31న సిద్ధమైంది. మన దేశం రెండు ముక్కలై అప్పటికి రెండు వారాలు. ఏడు దేశాలు విభజన అన్నాయి. ఆస్ట్రేలియా ఎటూ చెప్పలేదు. భారత్, ఇరాన్, యుగోస్లావియా సమాఖ్య కావాలన్నాయి: జెరూసలేం రాజధానిగా ఒకే దేశం, అందులో ఒక అరబ్ రాష్ట్రం, ఒక యూదు రాష్ట్రం. కేంద్ర చట్టసభలో ఒక సభకు జనాభాను బట్టి ప్రతినిధులు, రెండో సభలో ఇరువురికీ సమాన సంఖ్య. రెండు సభలూ ఒప్పుకుంటేనే చట్టం.

ఈ పథకాన్ని నెత్తిన పెట్టుకోమని నేను చెప్పను. ఒకరి ముఖం ఒకరు చూడని వాళ్లను ఒకే పార్లమెంటులో కూర్చోబెడితే ప్రతి బిల్లూ ప్రతిష్టంభనే. అక్కడి యూదుల తరఫున మాట్లాడే యూదు ఏజెన్సీ దీన్ని వద్దంది. సమితి కమిటీనే బహిష్కరించిన పాలస్తీనా అరబ్బుల నాయకత్వం, అరబ్ ఉన్నత కమిటీ, రెండు పథకాలనూ తోసిపుచ్చింది. అయితే విభజన మాత్రం శుభ్రంగా విడదీసిందా? కమిటీ లెక్కల ప్రకారమే యూదు దేశంలోకి వచ్చేవాళ్లు 4,98,000 మంది యూదులు, సంచార బెదూయిన్లను కలపకుండానే 4,07,000 మంది అరబ్బులు, ఇతరులు. ఎలా గీసినా ఒకరు మరొకరి ఇంట్లోనే ఉంటారు. ఇంట్లో ఇద్దరూ ఎలా బతకాలన్న ప్రశ్నను సమాఖ్య పథకం కనీసం అడిగింది. అందుకే దాన్ని మళ్లీ చదవమంటున్నాను.

నవంబరు 29న విభజన తీర్మానం 33 ఓట్లతో నెగ్గింది. వ్యతిరేకించిన 13 దేశాల్లో భారత్ ఒకటి. తర్వాత యుద్ధం. ఏడు లక్షల మందికి పైగా పాలస్తీనియన్లు ఊళ్లు విడిచి శరణార్థులయ్యారు. 1967లో వెస్ట్ బ్యాంక్, గాజా, తూర్పు జెరూసలేం ఇజ్రాయెల్ ఆక్రమణలోకి వెళ్లాయి.

ఇజ్రాయెల్, పాలస్తీనా విమోచన సంస్థల మధ్య కుదిరిన 1993 ఓస్లో ఒప్పందం మీద ఆశ పెట్టుకోని వాళ్లు అప్పట్లో తక్కువ. అసలు చిక్కులన్నీ, అంటే జెరూసలేం, శరణార్థులు, సెటిల్‌మెంట్లు, సరిహద్దులు, చివరి దశకు వాయిదా వేశారు. వెస్ట్ బ్యాంక్‌ను 1995లో, రెండో విడత ఒప్పందంలో, ఏ, బీ, సీ అని మూడు రకాల ప్రాంతాలుగా చీల్చారు. దాదాపు 60 శాతం నేల సీలో పడి పూర్తిగా ఇజ్రాయెల్ అధీనంలో ఉండిపోయింది. ఐదేళ్లకని చేసిన ఏర్పాటు మూడు దశాబ్దాలు దాటినా అలాగే ఉంది. 1993లో తూర్పు జెరూసలేం కాక లక్ష పైచిలుకు ఉన్న సెటిలర్లు, అంటే ఆక్రమిత నేలలో కాలనీలు కట్టుకున్న ఇజ్రాయెలీలు, ఇప్పుడు ఐదు లక్షలు దాటారు. చర్చలు నడుస్తుండగానే చర్చించాల్సిన నేల కరిగిపోయింది.

దీని అర్థం వెస్ట్ బ్యాంక్ నగరమైన హెబ్రాన్‌లోని షుహదా వీధిలో తెలుస్తుంది. ఒకప్పుడు అది ఊరి బజారు. 1994లో ఇబ్రహీమీ మసీదులో ఒక సెటిలర్ నమాజులో ఉన్న 29 మందిని కాల్చి చంపాడు. ఆ తర్వాత ఆంక్షలు పడింది మాత్రం పాలస్తీనియన్ల దుకాణాల మీద, రాకపోకల మీద. 2000లో మొదలైన పాలస్తీనియన్ల తిరుగుబాటు, రెండో ఇంతిఫాదాతో బజారు పూర్తిగా మూతపడింది. అక్కడ కొన్ని ఇళ్ల వీధి తలుపులను వెల్డింగ్ చేసి మూసేశారు. ఆ కుటుంబాలు వెనక నుంచో, పక్కింటి డాబా మీదుగానో సొంత ఇంట్లోకి దిగాలి. రాయి విసిరిన పాలస్తీనా పిల్లవాడికి సైనిక కోర్టు. అదే పని చేసిన సెటిలర్ పిల్లవాడికి ఇజ్రాయెల్ పౌర చట్టం. ఒకే వీధి, రెండు చట్టాలు.

ఓస్లో తర్వాతి ఇలాంటి పరిస్థితి చూసే పాలస్తీనా మేధావి ఎడ్వర్డ్ సయీద్ 1999లో విడదీయడం ఇక కుదరదు, సమాన పౌరసత్వంతో ఒకే దేశం కావాలని రాశారు. న్యాయంగా ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. భయానికి మాత్రం జవాబు వెతకాలి. 2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్ మీద హమాస్ చేసిన దాడిలో సుమారు 1,200 మంది చనిపోయారు, 251 మంది బందీలయ్యారు. తర్వాత గాజాలో మృతులు, అక్కడి ఆరోగ్య శాఖ లెక్కల్లో, 60 వేలు దాటారు. ఇంత నెత్తురు చూసిన రెండు జాతులను రేపే ఒక సైన్యం, ఒక పోలీసు కింద బతకమనడానికి నాకు నోరు రాదు.

నా మొగ్గు మూడో దారివైపు. 2012లో ఇజ్రాయెలీలు, పాలస్తీనియన్లు కలిసి మొదలుపెట్టిన ఒక ఉద్యమం, ఇప్పుడు ‘అందరి నేల’ పేరుతో నడుస్తున్నది, ఆ దారినే చూపిస్తోంది. 1967 హద్దులతో రెండు స్వతంత్ర దేశాలు, వాటి మధ్య తెరిచిన సరిహద్దు. ఓటు తన దేశంలో, నివాసం కావాలంటే రెండో దేశంలో. జెరూసలేం ఇద్దరి రాజధాని. కొండల కింది నీళ్లు ఏ హద్దునూ పాటించవు కాబట్టి వాటికి ఉమ్మడి యాజమాన్యం. హెబ్రాన్‌లో ఉండాలనుకునే యూదు పాలస్తీనా చట్టం కింద ఉంటాడు, యాఫాకు తిరిగొచ్చే శరణార్థి ఇజ్రాయెల్ చట్టం కింద. వాళ్లు ఎందరు, ఎంత కాలంలో అన్నది కష్టమైన బేరమే. కానీ బేరం ఆడదగ్గ విషయమది.

ఇది మనకు సంబంధం లేని గొడవ కాదు. ఇజ్రాయెలీ భాగస్వామ్యంతో హెర్మెస్ డ్రోన్లు తయారుచేసే కర్మాగారం 2018 నుంచి మన హైదరాబాద్‌లోనే ఉంది. 2025 సెప్టెంబరులో రెండు దేశాల పరిష్కారాన్ని బలపరిచిన సమితి తీర్మానానికి ఓటేసిన 142 దేశాల్లో భారత్ ఉంది. ఆ ఓటును స్వాగతిస్తున్నాను. అయితే ఢిల్లీ ఇంకో అడుగు వేయాలి. ఆక్రమణ చట్టవిరుద్ధమని అంతర్జాతీయ న్యాయస్థానం 2024 జూలైలో ఇచ్చిన అభిప్రాయాన్ని ప్రాతిపదికగా తీసుకోవాలి. సెటిల్‌మెంట్ల సరుకును ఇజ్రాయెల్ సరుకు నుంచి వేరుగా చూడాలి. ఇక్కడి నుంచి వెళ్లే ఆయుధాలు ఎక్కడ వాడుతున్నారో పార్లమెంటుకు చెప్పాలి. మన ఎంపీలను మనం అడగగలిగినవి ఇవే, ఈ సభ ముగిశాక ఉత్తరం రాసి అడగమని నా విన్నపం.